రోహిణికీ భాగ్యానికీ ఇల్లు వెతికిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. మొన్నటి శుక్రవారం కాదు, అంతకు ముందు శుక్రవారం పొద్దున, సంగారెడ్డిలో డయాలసిస్ మంచం మీద పడుకున్నది పడుకున్నట్టే పోయింది. ఆ సమయానికి నేను డ్యూటీలో ఉన్నాను. మాది బొల్లారంలో మాత్రల కంపెనీ. ప్యాకింగ్ హాల్లోకి ఫోన్లు తేనివ్వరు, లాకర్లో పెట్టి రావాలి. సూపర్‌వైజర్ లైను దాకా నడిచొచ్చి, "మీ ఇంటికాడికెళ్ళి గేటుకు ఫోనొచ్చిందమ్మా. నువ్వు పో, నీ జాగల ఇంకొకల్ని నిలబెడత" అన్నాడు. ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి నాకు అర్థమైపోయింది.

టోపీ, గౌను విప్పి, చెప్పులు మార్చుకొని బయటికొచ్చాను. ఏడుపు రాలేదు. ఎక్కడైనా కాసేపు కూర్చుంటే బాగుండును అనిపించింది, అంతే. ఆమె జబ్బు పడ్డప్పటి నుంచి ఆసుపత్రి, డ్యూటీ, వంట, మళ్ళీ ఆసుపత్రి అని తిరిగి తిరిగి, దుఃఖపడడానికి కావలసిన ఓపిక కూడా అయిపోయినట్టుంది. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా పెద్దగా కూడగట్టుకున్నానని చెప్పలేను. అయినా రాస్తున్నాను. ఎందుకంటే నా కథలు చదివేవాళ్ళు కొందరు, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో, ఆమెను ఒక్కసారి కూడా చూడకుండానే ఎరుగుదురు. కథ కింద వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "అత్తమ్మ ఏమన్నది?" అనే. వాళ్ళకు చెప్పాలి. ఆమెను తెలియనివాళ్ళకు కూడా చెప్పాలి.

ముందు ఆ కథలేమిటో చెప్తాను. టీవీలో సాయంత్రం పూట ఒక సీరియల్ వచ్చేది. అందులో రోహిణి, భాగ్యం అని ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దకోడలు రోహిణి చదువుకున్నది, చిన్నకోడలు భాగ్యం పల్లెటూరి పిల్ల. సీరియల్లో వాళ్ళ పని కొట్లాడుకోవడమే. ఒకరు వండిన కూరలో ఇంకొకరు ఉప్పు కలపడం, ఒకరి మీద ఒకరు అత్తగారికి చాడీలు చెప్పడం. అయితే ఒకసారి రోహిణి చేతి మీద నూనె చిందింది. ఇంట్లో ఎవ్వరూ లేరు. భాగ్యం పరుగున వచ్చి, ఆ చెయ్యి పట్టుకొని, నోరెత్తకుండా మందు రాసింది. రాసి, చెయ్యి వెంటనే వదల్లేదు. రోహిణి కూడా లాక్కోలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ప్రకటనలు వచ్చాయి.

అది తీసినవాళ్ళు ఏమనుకొని తీశారో తెలియదు. చూసిన ఆడవాళ్ళలో కొందరికి మాత్రం ఆ చూపు దగ్గర ఏదో ఆగిపోయింది. నాకూ ఆగింది. కథలు పెట్టుకునే ఒక యాప్‌లో ఎవరో ఆ చూపు తర్వాత ఏం జరిగి ఉంటుందో రాశారు. అది చదివి ఇంకొకరు రాశారు. ఒక నర్సు, ఒక టైలరు, డిగ్రీ పిల్లలు, మనవలున్న ఒకామె. అందరి కథల్లోనూ రోహిణి, భాగ్యం ఒకరినొకరు ప్రేమించుకుంటారు. దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని నాకు చాలా తర్వాత తెలిసింది. మేము జోడీ కథలు అనుకునేవాళ్ళం. రోహిణికి ఆ సీరియల్లోనే వచ్చే ఒక డాక్టరుతో జత కుదరాలని కోరుకునేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. వాళ్ళకూ మాకూ కామెంట్లలో రోజూ గొడవే. మమ్మల్ని వాళ్ళు అనని మాట లేదు.

నేను కంది చౌరస్తాలో కంపెనీ బస్సెక్కి బొల్లారంలో దిగేలోపు రాసేదాన్ని. పటాన్‌చెరు దగ్గర ట్యాంకర్ల వెనక బస్సు ఆగిపోతే నాకు పండగ. నా అసలు పేరు పెట్టుకోలేదు, యాప్‌లో నాకు వేరే పేరుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మకు ఒక ఆదివారం తెలిసింది. ఆదివారాలు మేమిద్దరం ఆ వారం సీరియల్ మొత్తం మళ్ళీ వేస్తే చూసేవాళ్ళం. ఆమె సీరియల్ మనుషులను సొంత చుట్టాల్లాగే తిట్టేది. అయిపోయాక ఆమె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నేను ఫోన్లో ఎవరిదో కామెంట్ చదివి నవ్వాను.

"ఎందుకు నవ్వుతున్నవ్ పిల్లా? నాక్కూడ జెర చెప్పు."

ఏం చెప్పాలో తోచక, నేనే రాసిన ఒక చిన్న ముక్క చదివి వినిపించాను. రోహిణికి జ్వరమొస్తే భాగ్యం జావ కాచి ఇస్తుంది, ఉప్పు తక్కువైందని రోహిణి మొహం చిట్లిస్తుంది. అత్తమ్మ చేతిలో పని ఆపింది.

"ఇది టీవీల ఎప్పుడొచ్చింది? నేను చూడనే లే."

"టీవీల రాలె అత్తమ్మా. నేనే రాసిన."

"నువ్వా? రాయొచ్చా గట్ల?"

"ఎవ్వరు వద్దంటలేరు. శానమంది రాస్తున్నరు."

ఆమె మళ్ళీ చింతపండు అందుకుంది. కోపమొస్తుందేమోనని నేను చూస్తున్నాను. "అయితె ఆ రోహిణి మొగనికి ఏదన్న రోగం పెట్టు. మంచం దిగకుండ పెట్టు" అన్నది.

ఆ రోజు నుంచి ఆమెకు చదివి వినిపించడం అలవాటైంది. ఆమె అన్న మాటలు కథ కింద నేను రెండు వాక్యాల్లో పెట్టేదాన్ని. పాఠకులకు కథ కన్నా అవే ఎక్కువ నచ్చాయని నాకు అనుమానం. భాగ్యం కోపంలో అన్నం పళ్ళెం తోసేసిందని రాస్తే, "కోపమొస్తె తినకుంట లేస్తదిగాని, గంత పేదరికం చూసిన పిల్ల పళ్ళెం తోస్తదా? తోయది. మార్చు" అన్నది. మార్చాను. రోహిణి వర్షంలో తడుస్తూ పాట పాడుతుందని రాస్తే, "దండెం మీద బట్టలున్నయి గదా, ముందుగాల అవి తియ్యమను" అన్నది.

మా అత్తమ్మది కంది దగ్గరి ఊరే. కొంచెం పొలం ఉండేది, రోడ్డు పెద్దదై, చుట్టూ ప్లాట్లు లేచాక అది పోయింది. పొలం పోయాక ఇంట్లో కూర్చోలేక ఇస్నాపూర్ దగ్గర ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో వంటకు కుదిరింది. కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఉండే హాస్టల్ అది. ఒడిశా వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, బీదర్ వాళ్ళు. అందరికీ ఒకటే కూర నచ్చదని, కూరలో కారం వేసేముందు కొంత చిన్న గిన్నెలోకి తీసి విడిగా ఉడికించేది. ఓనరు చూస్తే గ్యాస్ దండగ అంటాడని మూత పెట్టి దాచేది. ఆ పిల్లల దగ్గర నేర్చుకున్న హిందీతో మా వీధిలో కూరగాయల బండివాడిని బేరమాడి విసిగించేది. కిడ్నీలు చెడిపోయేదాకా ఆ పని మానలేదు.

ఆమెకు చదివేటప్పుడు నేను కొన్ని చోట్లు దాటేసేదాన్ని. రోహిణి, భాగ్యం దగ్గరగా కూర్చునే చోట్లు, ఒకరి పక్కన ఒకరు పడుకొని మాట్లాడుకునే చోట్లు. అవి లేకపోతే అది ఇద్దరు స్నేహితురాళ్ళ కథే. అలాగే అనుకుంటుందిలే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం కొత్తిమీర తుంచుతూ వింటున్న మనిషి తలెత్తి, "నడుమల ఏదో దాటిపోయినవ్" అన్నది.

"ఏం లేదు అత్తమ్మా."

"ఇప్పటిదాంక అలిగి కూసున్న పిల్ల ఒక్కసారికే ఎట్ల నవ్వింది మరి? వాళ్ళది ఉత్త దోస్తానా గాదు గదా?"

ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. "గాదు" అన్నాను.

"గట్ల చెప్పు. నాకు తెల్వదనుకున్నవా?"

అప్పుడు ఆమె హాస్టల్ సంగతి చెప్పింది. అక్కడ ఇద్దరు పిల్లలుండేవాళ్ళట. ఒకమ్మాయిది శ్రీకాకుళం వైపు, ఇంకొకమ్మాయిది ఒడిశా. ఒకే కంపెనీ, ఒకే గది, ఒకే పళ్ళెం. ఒకరి షిఫ్ట్ అయ్యేదాకా రెండో అమ్మాయి తినకుండా మెట్ల మీద కూర్చునేది. మిగతావాళ్ళు గుసగుసలాడారు. ఓనరు అత్తమ్మను పిలిచి, వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచమని, ఏదైనా కనబడితే చెప్పమని అడిగాడు.

"నేను వంట చేస్తందుకొచ్చిన, కావలి కాస్తందుకు రాలేదన్న" అని చెప్తూ ఆమె కొత్తిమీర కాడలు పక్కకు తోసింది. "నేను చెప్పకుంటె ఏమైంది, ఇంకొకామె చెప్పింది. ఒడిశా పిల్ల తండ్రి, అన్న కార్ల వచ్చిన్రు. ఆ పిల్లను తీస్కపోయిన్రు. చెప్పులు సుత ఏస్కోనియ్యలే."

శ్రీకాకుళం అమ్మాయి రెండు రోజులు అన్నానికి దిగలేదట. అత్తమ్మ అన్నం కలుపుకొని పైకి తీసుకుపోయి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి ఒక ముద్ద తిని, "మేం ఎవులికేటి సేసినాం ఆంటీ?" అని అడిగింది.

"ఇంకొక ముద్ద పెట్టిన బిడ్డా. నెత్తి నిమిరిన. గంతే. వారం దినాలకు ఆ పిల్ల గూడ రూము ఖాళీ చేసింది. ఏడికి పోయిందో తెల్వదు." తుంచిన ఆకు గిన్నెలోకి వేసి, "నీ కథల వాళ్ళను ఇడదియ్యకు" అన్నది.

ఆ తర్వాత నేను ఏమీ దాటేయలేదు.

డయాలసిస్ మొదలయ్యాక చదివి వినిపించడానికి వేళ కుదరలేదు. రోజు విడిచి రోజు ఆమెను సంగారెడ్డి తీసుకుపోవాలి, నాకేమో షిఫ్టులు. అందుకని కథను వాయిస్ మెసేజ్‌గా చెప్పి ఆమెకు పంపేదాన్ని. కంపెనీ క్యాంటీన్ వెనక, జనరేటర్ చప్పుడు తక్కువున్న చోట నిలబడి, అన్నం తినే టైములో చెప్పేదాన్ని. ఆమె మిషను పక్కన పడుకొని వినేది. చెవుల్లో పెట్టుకునేవి కొనిస్తే, "చెవుల పురుగు దూరినట్టైతది" అని పక్కన పడేసింది. ఫోను పెద్దగా పెట్టే వినేది. దాంతో అటుపక్క మంచం, ఇటుపక్క మంచం కూడా వినడం మొదలుపెట్టాయి. నర్సమ్మ సూది గుచ్చుతూ, "మొన్న భాగ్యం సంతలనే ఉండిపోయింది గదా అవ్వా, ఇంటికొచ్చిందా?" అని అడిగేదట. ఆ గదిలో అందరూ గంటల తరబడి పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళే. నీళ్ళు కూడా కొలిచి తాగేవాళ్ళు. అత్తమ్మకు అన్నిటికన్నా అదే కష్టం. చిన్న స్టీలు గ్లాసులో నీళ్ళు పోసుకొని, తాగకుండా చేత్తో పట్టుకొని కూర్చునేది. "అన్నం మానుమంటె మాన్త. దూపైతె నీళ్ళియ్యకుంటె ఎట్ల?" అని డాక్టరును ప్రతిసారీ అడిగేది.

ఒక రోజు నేను పంపిన మెసేజ్‌లో రోహిణి, భాగ్యం మొదటిసారి తమ మనసులో మాట ఒకరికొకరు చెప్పుకున్నారు. భాగ్యం రోహిణి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అది కూడా ఆ గదిలో పెద్దగానే వినబడింది. ఆ రోజు ఎదురు మంచం మీద మా ఊరి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. గొంతు నాదని ఆయన గుర్తుపట్టాడు. సాయంత్రానికల్లా మా ఊళ్ళో తెలిసిపోయింది. నా యాప్ పేరు కూడా ఎవరో వెతికి పట్టుకున్నారు. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నా కథ ముక్కలు ఫోటోలు తీసి పెట్టారు. దాని కింద నవ్వు బొమ్మలు. మా ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నన్నేమీ అనలేదు. ఏదన్నా అంటే బాగుండుననిపించింది.

మరునాడు మా పెద్ద బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. ఊళ్ళో నలుగురిలో మాట పోతే ఆయనకు అన్నం సహించదు. కుర్చీ లాక్కొని కూర్చొని, నా వైపు చూడకుండా మా ఆయనతోనే మాట్లాడాడు.

"ఏందిరా ఇది? ఇంట్ల ఆడామె గిసొంటి రాతలు రాస్తుంటె నీకు సోయి లేదా? ఇద్దరాడోళ్ళ ముచ్చట ఆసుపత్రిల మైకు పెట్టి చెప్తరా? నేను బజార్ల ఎట్ల తిరగాలె?"

మా ఆయన తల దించుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మంచం మీద పడుకున్న అత్తమ్మ లేచి కూర్చుంది. డయాలసిస్ మర్నాడు ఆమెకు లేవడమే కష్టం. గోడ పట్టుకొని లేచింది.

"వాన్నెందుకు అడుగుతున్నవ్? నన్నడుగు. చెప్పుమన్నది నేను, ఇన్నది నేను."

"నీకు తెల్వదే అమ్మా. ఇది మంచిది గాదు."

"ఏది మంచిది గాదు?" ఆమె గొంతు పెంచలేదు. పెంచే శక్తి లేదు. "ఆ సీరియల్ల రోహిణిని దాని మొగడు ఎన్నిసార్లు కొట్టిండు? మెట్ల మీదికెళ్ళి దొబ్బిండు. నువ్వు నీ పెండ్లాం పిల్లలతోని కూసోని చూసినవ్. నేను గూడ చూసిన. ఊరంత చూసింది. అప్పుడు ఎవ్వడన్న కుర్చీ ఏస్కోని పంచాయితి పెట్టిండా? ఇద్దరాడోళ్ళు ఒకలకొకలు బువ్వ పెట్టుకుంటె, నొసలు మీద ముద్దు పెట్టుకుంటె ఇజ్జత్ పోయిందా మీకు?"

బావ ఏదో అనబోయాడు. "ఇగ సాలు" అన్నది ఆమె. "నాకు పానం బాగలేదు. కోడలు కంపెనీల నిలబడి నిలబడి వచ్చి, నాకోసం గంత అన్నం తినే టైము ఇడిసిపెట్టి కథ చెప్తది. అది గూడ వద్దంటే చెప్పు, నేను రేపటికెళ్ళి ఆసుపత్రికే పోను."

బావ చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు. ఆమె మంచం మీద ఒరిగి, చాలాసేపు ఆయాసపడింది. నేను కాళ్ళు ఒత్తుతుంటే, "భాగ్యం మల్ల ఏమన్నది?" అని అడిగింది.

బావతో ఆమె అన్న మాటలతో అన్నీ చక్కబడిపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. బస్సులో కొందరు నా పక్కన కూర్చోవడం మానేశారు. ప్యాకింగ్ లైనులో నా వెనక నవ్వులు చాలా నెలలు వినబడ్డాయి. రోహిణికి డాక్టరుతో జత కోరే వర్గం వాళ్ళు కామెంట్లలో నా ఊరి పేరు రాసి బెదిరించారు. అదే రోజుల్లో సీరియల్ వాళ్ళు భాగ్యాన్ని లారీ కింద పడేసి చంపేశారు. ఆ వేషం వేసే నటి వేరే చోటికి వెళ్ళిపోయిందట, అందుకని. జోడీ కథలు రాసే మా గ్రూపులో అమ్మాయిలు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. తర్వాత ఒక్కొక్కరే రాయడం మానేశారు. పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఇంట్లో ఫోను లాక్కోవడాలు. కొందరు ఏమీ చెప్పకుండానే మాయమయ్యారు. నేను కూడా మానేశాను. ఎవరి మీదా కోపంతో కాదు. రాయాలంటే ఒళ్ళు సహకరించలేదు. బస్సెక్కితే కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని.

అత్తమ్మ కొన్నాళ్ళు ఊరుకుంది. ఒక ఆదివారం, టీవీ పెట్టబోతే వద్దని, "వాళ్ళు సంపిన్రు. నువ్వైతె సంపలే గదా?" అన్నది.

"లేదు."

"మరి ఎక్కడున్నది పిల్ల?"

నేను ఆపిన చోట భాగ్యం, రోహిణి అత్తగారి ఇల్లు విడిచి, ఒక సంచీతో పటాన్‌చెరు బస్టాండులో దిగారు. అదే చెప్పాను.

"గన్ని దినాల సంది బస్టాండ్లనే కూసున్నరా?" అత్తమ్మ నిజంగానే పరేషాన్ అయింది. "ఇల్లు సూడు వాళ్ళకు. ఏదన్న ఇల్లు కిరాయికి సూడు."

ఇల్లు చూసే పని ఆమే మొదలుపెట్టింది. ఇస్నాపూర్‌లో వద్దన్నది, అక్కడ కిరాయిలు ఎక్కువ, నీళ్ళు తక్కువ. బొల్లారంలో అసలే వద్దు, కంపెనీల వాసనకు భాగ్యానికి తలనొప్పి వస్తుంది. చివరికి ఇస్నాపూర్ పక్కనున్న చిట్కుల్‌లో కుదిర్చింది. హాస్టల్లో పనిచేసేటప్పుడు తనతో ఉన్న ఒకామె అక్కడ ఉండేదట. ఒక గది, ముందు రేకుల వసారా, వెనక బట్టలుతికే బండ. పైన ఇంకో రెండు గదుల్లో బీహారు పిల్లలు, వాళ్ళు గొడవ చేయరు, ఆదివారం మాత్రం పాటలు పెడతారు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ఒక డ్రమ్ము కావాలి. ఆ డ్రమ్ము నీలం రంగుదే ఉండాలని కూడా చెప్పింది. ఆమె చెప్పినట్టే రాశాను. అన్నేళ్ళ నా కథల్లో పాఠకులకు అంత నచ్చిన భాగం ఇంకొకటి లేదు. ఎన్నడూ కామెంట్ పెట్టనివాళ్ళు కూడా తాము కిరాయి ఇళ్ళు వెతుక్కున్న కష్టాలు రాశారు. ఒంటరి ఆడవాళ్ళకు ఇవ్వమన్నారని ఒకామె, పెళ్ళి ఫోటో చూపించమన్నారని ఇంకొకామె.

ఒక చోట కథ ఆగిపోయింది. ఇల్లుగల్లామె వాళ్ళిద్దరినీ, "మీరు ఒకలకొకలు ఏమైతరు?" అని అడగాలి. అడగకుండా ఎవ్వరూ ఇల్లివ్వరు. అక్కాచెల్లెళ్ళమని చెప్పిస్తానన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"అబద్ధంతోని ఇంట్ల అడుగు పెడితె, దినాం ఆ అబద్ధాన్ని ఊడ్సుకుంటనే ఉండాలె."

"నిజం చెప్తె ఇల్లియ్యరు గదా అత్తమ్మా."

"అదే సోచాయిస్తున్న. జెర ఆగు."

కొన్ని రోజులు ఆమె దాని మీదే ఆలోచించింది. మిషను మీద పడుకొని పక్క మంచాల వాళ్ళను కూడా అడిగిందట. ఒకాయన వదినా మరదళ్ళు అనమన్నాడు. నర్సమ్మ, కొలీగ్స్ అని చెప్తే సరిపోతుందన్నది. ఏదీ ఆమెకు నచ్చలేదు. ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి చేతిసంచి కూడా కింద పెట్టకముందే, మంచం మీద నుంచి పిలిచింది.

"దొరికింది. ఒక్కింటోళ్ళం అని చెప్పమను."

"ఒక్కింటోళ్ళమా?"

"ఔ మరి. ఒక్కింటికి కోడండ్లయి వచ్చిన్రు, అది నిజం. ఇప్పుడు ఇద్దరు ఒక్కిల్లు చేస్కుంటున్నరు, అది గూడ నిజం. ఇనేటోళ్ళకు ఎంత అర్థమైతె అంత."

నేను రాసిన మాటలన్నిట్లోకి మంచి మాట అది. అది నాది కాదని ఆ రోజే కథ కింద రాశాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అలిగి వెళ్ళిన బావ కొన్ని వారాలకు తిరిగొచ్చాడు. క్షమాపణలూ లేవు, సంజాయిషీలూ లేవు. నాకు పొద్దుటి షిఫ్ట్ ఉన్న రోజుల్లో అమ్మను తానే ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. మిషను అయ్యేదాకా గంటలు గంటలు ఆమె పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆమె ఫోను పెద్దగా పెట్టుకొని వినడం మానలేదు. కొడుకు ఉన్నాడని సౌండ్ తగ్గించలేదు. ఆయన పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాడట. ఒక రోజు ఆమెను ఇంట్లో దింపి, గడప దాటబోయి ఆగి, నా వైపు కాక గోడ వైపు చూస్తూ, "ఆ ఇల్లుగల్లామె ఒప్పుకున్నదా మరి?" అని అడిగాడు.

"ఇంక రాయలె బావా."

"ఊఁ. సరే గని, ఆమె మంచిదే అనిపిస్తుంది" అని వెళ్ళిపోయాడు. అత్తమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కొని నవ్వింది. ఆ దుప్పటి కదలడం నాకు కనబడింది.

ఇల్లుగల్లామె ఒప్పుకుంది. రోహిణి, భాగ్యం చిట్కుల్‌లో దిగారు. ఆ భాగం విన్నాక అత్తమ్మ, "ఇగ వాళ్ళ జోలికి పోకు. ఉండనియ్" అన్నది. వాళ్ళకు పెద్ద పెద్ద సంఘటనలు పెట్టవద్దన్నది. ఇద్దరికీ పని దొరకాలి, ఒకేసారి సెలవు దొరకాలి, అప్పుడప్పుడు కోడికూర వండుకోవాలి. అందుకని చివరి నెలల్లో నేను రాసినవన్నీ అలాంటివే. పాఠకులు తగ్గిపోయారు. ఏమీ జరగని కథ ఎవరు చదువుతారు? ఆమె మాత్రం వినేది. విని, "ఊఁ, గట్లుండాలె" అనేది. ఎక్కువ మాట్లాడలేకపోయేది అప్పటికి. కాళ్ళు వాచేవి, అన్నం వద్దనేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గోడ వైపు తిరిగి పడుకునేది. ఆమె అలసట చూస్తే నా అలసట గురించి చెప్పుకోవడానికి సిగ్గేసేది.

పోయిన రోజు పొద్దున ఆమె పక్క మంచం వాళ్ళతో చింతచిగురు పప్పు గురించి వాదిస్తూ ఉందని నర్సమ్మ చెప్పింది. వాదన మధ్యలో కళ్ళు మూసుకుందట. నిద్ర పోయిందనుకున్నారు.

గ్రూపులో ఒక్క వాక్యం పెట్టాను, అత్తమ్మ పోయిందని. ఏళ్ళ కింద మాయమైన పేర్లు కొన్ని మళ్ళీ కనబడ్డాయి. ఎక్కడికి పోయారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. దినాల రోజు ఎప్పుడని ఎవరో అడిగితే, ఊరి పేరుతో సహా చెప్పాను. ఇక దాచడానికి ఏముంది?

దినాల రోజు మా ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టాలు బంతుల్లో కూర్చొని తింటున్నారు. నేను నీళ్ళు పోస్తూ తిరుగుతుంటే, వీధి చివర షేర్ ఆటో ఆగి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. నాకు తెలిసిన వాళ్ళు కాదు. ఇద్దరివీ నిద్రలేని కళ్ళు. ఒకామె మెడలో ఏదో కంపెనీ ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది. రెండో ఆమె చేతిలో అరటిపళ్ళ కవరు. టెంటు బయట నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తున్నారు.

దగ్గరికి పోయి నేను ఆమె కోడలినని చెప్పగానే కార్డు వేసుకున్నామె గుర్తుపట్టింది. "నీ కథల కింద మేం ఎప్పుడు కామెంట్ పెట్టలేదక్కా" అన్నది. "చదువుకొని ఊకుంటం. ఇయ్యాల రాకుంటె బాగుండదనిపించింది." రెండో ఆమె లోపలికి నడిచింది. అత్తమ్మ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, పళ్ళు పెట్టి దండం పెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళబోతుంటే మా బావ చూశాడు. ఎవరని నన్ను అడగలేదు. రెండు విస్తర్లు తెచ్చి, పక్కపక్కన పరిచి, "తినకుంట పోవద్దమ్మా, కూసోండ్రి" అన్నాడు. పప్పు తానే వడ్డించాడు. వాళ్ళు తిన్నారు. కార్డు వేసుకున్నామె తినకుండా వదిలేసిన కాకరకాయ ముక్కలను రెండో ఆమె తన విస్తరిలోకి తీసుకుంది.

సాగనంపడానికి రోడ్డు దాకా నడిచాను. వచ్చిన ఆటో అప్పటికే నిండి ఉంది. డ్రైవరు పక్కన ఒక అంచు, వెనక ఒక అంచు మిగిలాయి. వాళ్ళు విడిగా కూర్చోలేదు. ఇద్దరూ వెనక అంచు మీదే సర్దుకున్నారు. బయటి వైపు కూర్చున్నామెకు పట్టుకోవడానికి ఏమీ లేదు. లోపలామె తన చెయ్యి అడ్డంగా చాచి, అవతలి ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకుంది, ఆమె పడిపోకుండా. ఆటో హైవే ఎక్కింది. ఒక ట్యాంకరు దాన్ని దాటుకుంటూ పోయి, దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే ఆటో చిన్నదైపోయింది కానీ, అడ్డంగా చాచిన ఆ చెయ్యి ఇంకా కనబడుతూనే ఉంది.